తల ఎటు ఉంది

నా మొదటి కాన్పులో నేను చూసింది రెండు పాదాలు మాత్రమే. నీలంగా, అరచేతిలో పట్టేంత. తల బయటికి వచ్చేసరికి పిల్లకు ఊపిరి లేదు. పాత చీర ముక్కలో చుట్టి తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

రెండేళ్లకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. జాలరిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని సీతమ్మధారలో చేపలమ్మేదాన్ని. అక్కడ నా దగ్గర చేపలు కొనే డాక్టరమ్మ ఒకరోజు నా పొట్ట చూసి లోపలికి పిలిచింది. బల్ల మీద పడుకోబెట్టి, నా చెయ్యే పట్టుకుని కుడి డొక్క కింద ఆనించింది. కొబ్బరికాయలా గట్టిగా తగిలింది.

"ఇది తల. కిందికి ఉండాలి. పైన ఉంది."

ఇంటికెళ్ళేసరికి మంత్రసాని వచ్చి కూర్చుంది. పేటలో సగం మందికి బొడ్డు కోసిన ముసలిది. డాక్టరమ్మ మాట చెబితే నా పొట్ట తడిమి నవ్వింది.

"తల కిందే ఉన్నాది. సేపలు కొనీ డాట్రమ్మకి కడుపు సంగతేటి తెలుస్తాదే?"

డొక్క కింద తడుముకున్నాను. అక్కడ ఏమీ లేదు. మెత్తగా ఉంది.

నాలుగు రోజుల తర్వాత డాక్టరమ్మ చూస్తే తల మళ్ళీ పైన. ఇంటికొస్తే కింద. ఒకనాడు పట్టపగలు వాకిట్లో చేపలకు ఉప్పు పట్టిస్తుంటే, చీర కింద ఒక గుట్ట లేచి, ఈ పక్క నుంచి ఆ పక్కకు మెల్లగా నడిచిపోయింది. మా అత్త చేతిలోని ఉప్పు జారిపోయింది.

"ఇద్దరున్నారే," అంది గొంతు తగ్గించి. "తల కిందకెట్టినాది ఈ బిడ్డ. కాళ్ళు కిందకెట్టినాది ఆ ముందటి పిల్ల. అదింకా ఎల్లనేదే. దారి సూసుకుంటన్నాది."

ఆ తర్వాత నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా పొట్ట మీద చెయ్యి వేసేదాన్ని కాదు. ఈ పూట చేతికి ఎవరు తగులుతారో అని భయం.

డాక్టరమ్మకు ఈ మాట చెప్పాను. నవ్వలేదు.

"మీ మంత్రసాని చెయ్యీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు. ఉన్నది ఒక్క బిడ్డే. ఉమ్మనీరు ఎక్కువై అందులో తిరుగుతోంది. అడ్డంగా ఉన్నప్పుడు నీరు పోతే బొడ్డుతాడు ముందుగా జారుతుంది. అప్పుడు బయల్దేరితే ఆసుపత్రికి చేరేలోపే బిడ్డ దక్కకపోవచ్చు. నొప్పులు రాకముందే వెళ్ళి చేరు. పొట్ట కొయ్యాల్సి రావచ్చు, రాకపోనూవచ్చు. ఆలోచించుకో."

చీటీ తెలుగులోనే రాసిచ్చింది. అందులో ఏముందని అడిగితే మొత్తం చదివి వినిపించింది. చాలా ఏళ్ళకు వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్నాక, దాచుకున్న ఆ చీటీని కూడబలుక్కుని చదివాను. ఆమె చెప్పినదానికి ఒక్క మాట తేడా లేదు.

నొప్పుల్లేకుండా ఆసుపత్రికి వెళ్ళడం పేటలో ఎవరూ ఎరగరు. "ఏటే, ఆకలెయ్యకుండానే ఇస్తరేసుకుని కూకుంటావా?" అని మంత్రసాని ఎగతాళి చేసింది. అత్త భయం వేరు. "కోత్తే ఎవుల్ని తీత్తారే? ముందు సేతికి దొరికినోల్లనే కదా?"

నా మొగుడు నా మొహం చూశాడు. "నీ కడుపు. నీకే తెలుస్తాది."

మర్నాడు మధ్యాహ్నం మూట కట్టుకుని రిక్షా ఎక్కాను. అత్త కూడా ఎక్కింది. హార్బరు వైపు ఏదో ఓడ కూత వేసింది. ఆ కూతకు లోపలిది ఒక్కసారి దొర్లి, అడ్డంగా ఆగింది. ఇక అటూ ఇటూ తిరగలేదు.

ఆసుపత్రిలో చేరిన మూడో రోజు పొద్దున మంచం మీద కూర్చుని ఉండగానే నీరు పోయింది. నర్సులు పరుగెత్తారు. నన్ను ఆపరేషను బల్ల మీదకి ఎక్కించారు.

మత్తు దిగేసరికి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల.

"లోపల ఇంకెవులూ నేరు కదా?" అని అడిగాను.

"ఉంటే వదిలేస్తామా?" అని నర్సు నవ్వింది.

మొహం కంటే ముందు పాదాలు చూపించమన్నాను. ఎర్రగా ఉన్నాయి, తన్నుతున్నాయి.

అత్త ఆ పాదాల్ని అరచేతుల్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. మొదటి కాన్పులో ఆ నీలం పాదాల్ని పట్టుకున్నదీ ఆమే.

"ఇయ్యే," అంది. "దారి దొరికినాది దీనికి."

ఒక్క బిడ్డే అని డాక్టరమ్మ చెప్పిన మాట నాకు గుర్తుంది. అయినా నేను కాదనలేదు.