ఆకలమ్మ డ్యూటీ

పిల్లల ఆపరేషన్ వార్డులో ఆ నర్సు అసలు పేరు ఎవరికీ పట్టదు. థియేటర్‌కు వెళ్ళే పసివాళ్ళకు పాలు ఆపించేది ఆవిడే కాబట్టి తల్లులు ఆకలమ్మ అని పేరు పెట్టేశారు. పెట్టుకోనీ! ఇన్నేళ్ళుగా తిట్లు తిని తిని ఆవిడ కడుపు ఏనాడో నిండిపోయింది. ఇప్పుడు బాధంతా మొరాయించే మోకాళ్ళతోనే.

ఆ రోజు వంతు ఒక బస్సు కండక్టరు కొడుకుది. మూడు నెలల వాడు, గజ్జల్లో హెర్నియా. తెల్లవారుజామునే పాలు ఆపించింది. తీరా చూస్తే ముందు కేసు ఎంతకీ తెమలలేదు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే గజ్జల్లో బుడిపె ఉబ్బిపోతోంది. తల్లి ఒళ్ళో ఉంటే పాల వాసనకు ఇంకా రెచ్చిపోతున్నాడు.

"ఒక్క గుక్క పట్టనా సిస్టర్? మీకు పుణ్యముంటుంది," అంది తల్లి.

"మత్తిచ్చినప్పుడు ఆ గుక్కే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందమ్మా. పట్టావంటే ఇవాళ్టికి ఆపరేషన్ ఆపేస్తారు. నువ్వు కాసేపు దూరంగా కూర్చో. బాబూ, నువ్వెత్తుకో."

కండక్టరు గతుక్కుమన్నాడు. "అమ్మో, నాకు చేతకాదండీ. ఎక్కడ జారిపోతాడో అని..."

"కిక్కిరిసిన బస్సులో ఏదీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొడతావు, ఈ గుప్పెడంత వాణ్ణి పట్టుకోలేవూ? గుండెకు ఆనించుకుని నడు. రోజంతా ఏం అరుస్తావో అదే మెల్లగా చెప్పు."

అతను సిగ్గుపడుతూనే మొదలుపెట్టాడు. "లోపలికి జరగండమ్మా... ముందుకు జరగండి... చిల్లర తీసి పెట్టుకోండి..." వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. ఏమనుకున్నాడో ఏమో, పిల్లవాడు ఏడుపు మాని వెక్కిళ్ళలోకి దిగాడు. హమ్మయ్య అనుకుని ఆకలమ్మ గోడకు చేరగిలబడింది.

అంతలో థియేటర్ నుంచి పిలుపొచ్చింది. తల్లి పరుగున వచ్చి చేతులు చాచింది. "ఒక్కసారి ఎత్తుకుని ఇచ్చేస్తాను."

వద్దనడానికి ఆకలమ్మకు నోరు రాలేదు. ఎంతమందికని చెబుతుంది? ఆ కాస్తలోనే వాసన తగిలి పిల్లవాడి తల అటు తిరగబోయింది. తల్లి చటుక్కున చేతులు వెనక్కి తీసుకుని మొగుడి వీపు చాటుకు తప్పుకుంది. లోపలి నర్సు బిడ్డను అందుకుంది. తలుపులు మూసుకున్నాయి.

అప్పుడు భోరుమంది ఆ తల్లి. రవిక పాలతో తడిసిపోయి ఉంది. "నన్ను చూడకుండానే వెళ్ళిపోయాడు సిస్టర్."

ఆకలమ్మ ఆమె పక్కనే కూలబడింది. "వెళ్ళనిచ్చింది నువ్వే కదమ్మా. ఇవాళ నీకు అడ్డం చెప్పే ఓపిక నాకు లేకపోయింది."