నీలం గుడ్డ కట్టిన పొట్లం

దయ్యాలున్నాయంటే నవ్వేవాడిని. భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాడిని కనుక, అలా నవ్వడం నా ఉద్యోగంలో భాగమే అనుకునేవాడిని. ఇది దయ్యం సంగతి కాదు. ఏం సంగతో నాకూ తెలియదు.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు. రేపు బస్సులు తిరుగుతాయో లేదో ఎవరూ చెప్పలేరు. మా నాజియాకు అప్పుడు ఐదేళ్ళు. పది రోజులుగా జ్వరం దిగడం లేదు. సోమవారానికి తగ్గకపోతే వరంగల్ తీసుకుపొమ్మన్నాడు డాక్టరు.

నా తోటి టీచరు సమ్మయ్యకు గద్దల పిచ్చి. ఏటా మోదుగలు పూసే కాలంలో ఒక ఆదివారం బైనాక్యులర్స్ మెడలో వేసుకుని గోదావరి ఒడ్డుకు పోతాడు. ఆ ఏడు నన్నూ రమ్మన్నాడు. బిడ్డ అలా ఉంటే ఎక్కడికి పోతాను? రానన్నాను. పంపింది మా అమ్మ.

మాలో సద్ఖా అని ఉంది. జబ్బుపడ్డవాళ్ళ తల చుట్టూ మాంసం తిప్పి గద్దలకు వేస్తారు, ఆ పీడను అవి ఎత్తుకుపోతాయని. అమ్మ ఏడు తునకలు నాజియా తల చుట్టూ తిప్పి, మోదుగాకులో చుట్టింది. పిల్ల పాత గౌను, తెల్ల చుక్కల నీలంది, దాని అంచు చింపి పొట్లానికి కట్టింది.

“బేటా, గోదారి మీద పెద్ద గద్దలుంటయంట గద. నీ చేతితోనే వెయ్యి. మళ్ల ఇంటికి తేకు,” అంది.

చిరాకేసింది. కానీ అమ్మ మొహం చూసి కాదనలేక పొట్లం సంచిలో వేసుకున్నాను. అదేమిటో సమ్మయ్యకు చెప్పలేదు. సిగ్గు.

దారిలో ఒక ఊరి దగ్గర రాస్తారోకో. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వచ్చినవాళ్ళు తమ దగ్గరున్నది ఇస్తున్నారు. ఒకరు బియ్యం, ఒకరు వంకాయలు. నేను బండి పక్కకు పెట్టి వచ్చేసరికి, సమ్మయ్య నా సంచిలోని పొట్లం తీసి వంటచేస్తున్న అవ్వ చేతిలో పెట్టేశాడు. మేం ఒడ్డున వండుకు తినడానికి తెచ్చానని అనుకున్నాడు పాపం.

“ఇగో అవ్వా, మా సార్ ఇచ్చిండు.”

అవ్వ నీలం పేలిక విప్పి పొయ్యిలో పడేసింది. అది అంటుకోవడం నా కళ్ళతో చూశాను. తునకలు ఉడికే కూరలో పడ్డాయి.

“నీ పిల్లలు సల్లగుండాలె సారూ,” అంది అవ్వ.

అప్పుడే నోరు విప్పాల్సింది. నా బిడ్డ రోగం మీ కూరలో వేశానని అంతమంది ముందు ఎలా చెప్పను? అసలు నమ్మనివాడిని, చెప్పడం దేనికి? అలా సర్దిచెప్పుకుని బండెక్కాను గానీ, దారంతా వెనక్కి చూస్తూనే ఉన్నాను.

గోదావరి పలచబడి ఇసుకమేటలు తేలి ఉంది. ఏడెనిమిది గద్దలు తిరుగుతున్నాయి. సమ్మయ్య సంబరం ఇంతా అంతా కాదు. నాకు ఒక్కచోట కాలు నిలవలేదు. ఒక గద్ద మాత్రం ఎగరకుండా మేట మీద మాకు ఎదురుగా కూర్చుంది.

“సార్, దాని కాలికేందో గుడ్డ సుట్టుకున్నది. జర సూడు,” అని సమ్మయ్య బైనాక్యులర్స్ ఇచ్చాడు.

చూశాను. నీలం పేలిక. తెల్ల చుక్కలు. అది కాలిన పొయ్యి ముప్పై కిలోమీటర్ల వెనక ఉంది.

ఇక ఉండలేకపోయాను. తిరిగి వచ్చేసరికి అవ్వ రోడ్డు పక్కన గిన్నెలు తోముతోంది. తిన్నవాళ్ళంతా బాగున్నారా అని అడిగాను.

“మంచిగనే ఉన్నరు. గని సారూ, నీ తునకలు ఏడికి వోయినయో. గంటె పెట్టి దేవిన, ఒక్కటి దొరకలే. మూత తీసింది గూడ నేనే.”

ముందు తిన్నవాళ్ళెవరో ఏరుకుని ఉంటారన్నాడు సమ్మయ్య. కావచ్చు. చుక్కల నీలం గుడ్డలు లోకంలో బోలెడు. అదీ కావచ్చు.

ఇంటికొచ్చేసరికి నాజియా గోడకానుకుని జావ తాగుతోంది. మధ్యాహ్నం చెమటలు పట్టి జ్వరం వదిలిందట. వేళ అడిగాను. మేం ఇసుకమేట ఎదురుగా నిలబడ్డ వేళే.

నాజియా ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఆ రోజు జరిగింది ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. మోదుగలు పూశాయంటే ఇప్పటికీ మనసు కుదురుగా ఉండదు.

ఆ సాయంత్రం అమ్మ గడపలోనే నన్ను ఆపి అడిగింది, “నీ చేతిలకెల్లే తీసుకున్నదా, బేటా?”

తీసుకుందన్నాను. అమ్మ నా కుడిచేయి అందుకుని ముద్దుపెట్టుకుంది, రెండు కళ్ళకూ అద్దుకుంది. ఏ గద్దకూ ఏమీ వెయ్యని చెయ్యి అది.