ల్యాండ్‌లైనుకు కాపలా

మా ఇంటి హాల్లో కిటికీ పక్కన ఇప్పటికీ ల్యాండ్‌లైన్ ఫోను ఉందంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. నా ఈడు వాళ్లు మాత్రం నవ్వి, నంబరు పాతదేనా అని అడుగుతారు. పాతదేనండీ. ముందు ఒకటి రెండు అంకెలు చేరాయి తప్ప, నర్సీపట్నంలో మేం ఇల్లు కట్టుకున్ననాటి నంబరే అది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనదాన్ని, ఆ ఫోను తీయించెయ్యమని ఎవరు చెప్పినా నా చెవికెక్కేది కాదు. నిరుటి వానాకాలంలో ఆ పంతమే నా మెడకు చుట్టుకుంది.

అప్పటికి ఆ ఫోను రోజుకు పది పన్నెండుసార్లు మోగేది. విశాఖపట్నంలో ప్లాట్లట, ఆరోగ్య పాలసీలట, మేం ఏనాడూ కట్టని లాటరీలో బహుమతి తగిలిందట. మోకాళ్ల నొప్పులతో వంటింట్లోంచి నడుచుకుంటూ వచ్చి రిసీవరు ఎత్తితే, అవతల తిట్టడానికైనా మనిషి ఉండేవాడు కాదు, ఎవరో ముందే రికార్డు చేసి పెట్టిన గొంతు తన పాటికి తాను వాగుతూ ఉండేది. మా కోడలు స్కూల్లో టీచరు. ఇంట్లో అందరికీ సెల్‌ఫోన్లు ఉండగా ఈ గోల ఎందుకు అత్తయ్యా, తీయించేద్దాం అని వారానికోసారైనా అనేది. నేను వినలేదు. ఎందుకంటే ఏటికొప్పాకలో ఉన్న మా అక్కకు కంఠతా వచ్చిన నంబరు ప్రపంచం మొత్తానికి అదొక్కటే. కొడుకు కొనిచ్చిన సెల్‌ఫోను ఎక్కడ పెట్టిందో ఆవిడకే గుర్తుండదు. మంచం పక్కనున్న తన ల్యాండ్‌లైను మీద మాత్రం, చూపు సరిగా ఆనకపోయినా, వేళ్లు వాటంతటవే మా నంబరు నొక్కుతాయి.

తీయించలేదు సరే, కానీ ఎత్తడం మానేశాను. ఎత్తీ ఎత్తీ విసిగిపోయి, మోగితే మోగనీ అనుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒకరోజు పొద్దున్న పది గంటల వేళ బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. అలా నాలుగుసార్లు. చేట ఒళ్లోంచి దించలేదు. మధ్యాహ్నం అన్నం వేళకు కోడలు, అక్క కొడుకు తన సెల్‌కు ఫోను చేశాడంటూ స్కూలు నుంచి కంగారుగా వచ్చింది. అక్కకు షుగరు పడిపోయి మంచం కింద స్పృహలేకుండా పడి ఉంటే, పక్కింట్లో లక్క బొమ్మలు చేసే ఆవిడ కూర ఇద్దామని వచ్చి చూసి, ఆటోలో వేసుకుని యలమంచిలి ఆసుపత్రికి తీసుకెళ్లిందట.

నేను వెళ్లేసరికి సెలైను ఎక్కుతోంది. అక్క కళ్లు తెరిచి నన్ను చూసి నవ్వింది.

"నాలుగుసార్లు సేసేనే. కళ్లు తిరుగుతున్నాయి, బేగి రా అని సెప్దారనుకున్నాను. నువ్వు ఎత్తలేదు. ఇంట్లో లేవేటే?"

నిష్ఠూరం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది. స్నానం చేస్తున్నానక్కా అని అబద్ధమాడాను. డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్నదాన్ని, అక్క దగ్గర అబద్ధమాడి, ఆ సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించుకుని కూర్చుంటే, ఎన్నేళ్ల నాటి మాటో, మా ఊరి లేడీ డాక్టరుగారు గుర్తొచ్చారు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది అది. అప్పట్లో ఎక్స్‌ఛేంజీ అంటే ఒక పొడుగాటి బోర్డు, దాని నిండా చిల్లులు, ఒక్కో చిల్లు ఒక్కో ఇల్లు. ఎవరైనా ఫోను తిప్పితే వాళ్ల నంబరు మీదున్న చిన్న మూత టక్కున పడేది. మేం తీగ గుచ్చి ఏ నంబరు కావాలో అడిగి, రెండో తీగ అవతలివాళ్ల చిల్లులో గుచ్చి కలిపేవాళ్లం. ఊళ్లో ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడతారో మా చేతులకు తెలుసు. తెలిసినా పైకి అనకూడదు, కలిపాక వినకూడదు. చేరిన మొదటిరోజే మాకు చెప్పిన కట్టుబాటు అది. నా పక్క కుర్చీలో మా సీనియరుగారు కూర్చునేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గంజిపెట్టిన నేత చీరలో ఉండే మనిషి. చిన్నతనంలోనే భర్త పోతే ఈ ఉద్యోగంతోనే తమ్ముళ్లను చదివించారని చెప్పుకునేవారు.

ఆ రోజుల్లోనే మా ఊరికి ఒక లేడీ డాక్టరు వచ్చి ప్రాక్టీసు పెట్టారు. పెళ్లి కాలేదు, ఒక్కరే ఉండేవారు, ఇల్లూ క్లినిక్కూ ఒక్కచోటే, ఫోనూ ఒక్కటే. చుట్టుపక్కల పల్లెల్లో పురుడు కష్టమైతే ఏ పోస్టాఫీసు నుంచో ఆవిడకు ఫోను వచ్చేది. ఆవిడ వచ్చిన రెండు నెలలకు, ఊళ్లో పెద్దమనిషిగా చెలామణి అయ్యే జీడిపప్పు వ్యాపారి ఒకాయన రోజూ మధ్యాహ్నం ఆ నంబరు అడగడం మొదలుపెట్టాడు. మొదట రోగం కాబోలు అనుకున్నాం. ఒకరోజు లైను సరిగా కలిసిందో లేదో చూద్దామని నేను ఒక్క నిమిషం చెవి ఒగ్గాను. ఆయన అంటున్న మాటలు ఇక్కడ రాయలేను. నా చెవులు కాలిపోయాయి. డాక్టరుగారు ఠక్కున ఫోను పెట్టేశారు. ఆయన మళ్లీ తిప్పాడు. నేను మళ్లీ కలిపాను, కలపడం నా ఉద్యోగం కాబట్టి.

కొన్నాళ్లకు డాక్టరుగారు మధ్యాహ్నం పూట రిసీవరు తీసి పక్కన పెట్టెయ్యడం మొదలుపెట్టారు. అలా పెట్టిన ఒక మధ్యాహ్నమే కృష్ణదేవిపేట పోస్టాఫీసు నుంచి కాల్ వచ్చింది. ఎవరికో బిడ్డ అడ్డం తిరిగింది, జీపులో తీసుకొస్తున్నారు, డాక్టరమ్మను సిద్ధంగా ఉండమనండి అని. నేను కలపబోయాను. అటు పలకలేదు. లైను ఖాళీ లేదండీ, కాసేపాగి చెయ్యండి అన్నాను. రిసీవరు తీసి పెట్టారని నాకు తెలుసు. ఎవర్నైనా రెండు వీధుల అవతలికి పరుగెత్తించి చెప్పించవచ్చని నా ఇరవై ఏళ్ల బుర్రకు తట్టలేదు. జీపు వచ్చేసరికి డాక్టరుగారు మరో ఇంటికి రోగిని చూడ్డానికి వెళ్లిపోయారట. వెతికి తీసుకొచ్చారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ముందే కబురందితే దక్కేదో లేదో ఎవరూ చెప్పలేరు, కానీ ఆ అనుమానం నన్ను విడిచిపెట్టలేదు.

మర్నాడు డాక్టరుగారు స్వయంగా ఎక్స్‌ఛేంజీకి వచ్చారు. నిద్రలేని కళ్లతో, ఫోను తీసి పెట్టింది నేనే, తప్పు నాదే, కానీ నేనేం చెయ్యాలో మీరు చెప్పండి అన్నారు. మా సీనియరుగారు ఆవిడకు మంచినీళ్లిచ్చి, ఈ రోజు నుంచి మీరు రిసీవరు తీసి పక్కన పెట్టొద్దు, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు. అంతే. ఆ మధ్యాహ్నం వ్యాపారి మూత పడింది. సీనియరుగారే తీగ గుచ్చి, నంబరు విని, ఆ లైను కుదరదండీ అని తీగ లాగేశారు. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఆయన చెప్పుల చప్పుడు చేసుకుంటూ బోర్డు గదిలోకే వచ్చేశాడు.

"ఏటమ్మా, నానడిగిన నంబరు నాకివ్వవా? ఇదేటి, నీ సొంత ఫోనేటి?"

ఆవిడ హెడ్‌సెట్టు తీసి బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డారు.

"నా సొంతం కాదండి, మీ సొంతమూ కాదు. డాక్టరమ్మగారి లైను పురుడొచ్చినోళ్ల కోసం. మీకు పురుడొస్తే సెప్పండి, బేగి కలుపుతాను."

గదిలో ఉన్న లైన్‌మన్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. వ్యాపారి విసురుగా వెళ్లిపోయాడు కానీ, పై ఆఫీసుకు ఫిర్యాదు రాశాడు. సీనియరుగారికి మెమో వచ్చింది. చందాదారుకు సేవ నిరాకరించారు, సంజాయిషీ ఇవ్వండి అని. ఆయన ఏం మాట్లాడేవాడో విన్న సాక్షిని నేనొక్కదాన్నే. విన్నానని రాస్తే, వినకూడనిది విన్నందుకు ఇంకా ఖాయం కాని నా ఉద్యోగం ఊడుతుంది. వినలేదని ఊరుకుంటే ఆవిడ ఒక్కరే నిలబడాలి. ఆవిడ మాత్రం నువ్వు దీంట్లోకి రావద్దు అని గట్టిగానే చెప్పారు. మా నాన్న అయితే చేతులు జోడించినంత పనిచేసి, పెద్దవాళ్లతో మనకేటమ్మా, నోరు మూసుకుని నీ పని నువ్వు చేసుకో అన్నాడు. నేను రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజు కూర్చుని, ఫలానా వ్యక్తి ఫలానా మాటలు అనగా నా చెవులతో విన్నాను, విన్నది నా తప్పే, కలుపుతూ పోవడం అంతకంటే పెద్ద తప్పు అని రాసి, కింద సంతకం పెట్టాను. మెమో వచ్చిన పై ఆఫీసుకే దాన్ని పంపించాను.

ఒక ఆఫీసరు వచ్చి విచారణ చేసి వెళ్లాడు. నా ఉద్యోగం ఖాయం కావడం ఆరునెలలు వెనక్కి జరిగింది. సీనియరుగారిని ఎక్కడో జిల్లా అవతలికి బదిలీ చేశారు. వ్యాపారికీ ఒక హెచ్చరిక కాగితం వెళ్లిందట. ఏదైతేనేం, ఆయన మూత పడినప్పుడు ఆ నంబరు మళ్లీ అడగలేదు. సీనియరుగారు వెళ్లే రోజు డాక్టరుగారు బస్టాండుకు వచ్చి ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆవిడ మాత్రం ఏడవలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి నాకేసి చూసి, రేపు డ్యూటీకి ఆలస్యంగా వెళ్లకు అని అరిచారు.

ఇదంతా తలుచుకుని బస్సు దిగిన నేను, మర్నాడే మా టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లాను. అక్కరలేని కాల్స్ వద్దని అంతకు ముందే పేరు నమోదు చేయించుకున్నాను. కొన్ని తగ్గాయి, చాలా తగ్గలేదు. ఈసారి, చేసేవాళ్ల నంబరు కనబడే సదుపాయం మా లైనుకు పెట్టమని అర్జీ రాసిచ్చాను. కౌంటరులో ఉన్న కుర్రాయన జాలిగా చూసి, ఇంకా ల్యాండ్‌లైను దేనికండీ, సరెండర్ చేసెయ్యండి అన్నాడు. నేను పుట్టింటికి వచ్చినట్టు కుర్చీ లాక్కుని కూర్చుని, దేనికో చెప్పాను. అరగంట చెప్పాను. పాపం, ఆ రోజే పని చేసిపెట్టాడు.

తరువాత కోడలు ఎక్కడో వెతికి, ఫోనుకూ గోడకూ మధ్య తగిలించే చిన్న పెట్టె ఒకటి తెప్పించింది. వచ్చిన పిచ్చి నంబరునల్లా అందులో ఎక్కించి అడ్డుకోవచ్చు. మొదటి పదిరోజులు అలాగే చేశాం. వాళ్లు రోజుకో కొత్త నంబరుతో వచ్చేవారు. పెట్టె నిండిపోయింది కానీ మోత ఆగలేదు. ఒక ఆదివారం కోడలు విసుగెత్తి, ఇక నావల్ల కాదు అత్తయ్యా అంది. అప్పుడు నేను, వీళ్లను ఎంతమందినని ఆపుతాం, మనవాళ్లు ఎందరో అది లెక్కపెట్టు అన్నాను. పెట్టెకు ఆ గుణమూ ఉందట, చెప్పిన నంబర్లకే మోగి మిగిలినవన్నీ ఆపేయగలదట. ఇద్దరం కూర్చుని కాగితం మీద రాశాం. అక్కదీ, ఆవిడ పక్కింటి ఆవిడదీ, ఆసుపత్రి, గ్యాసు, పాలమనిషి, చుట్టాలు... తిప్పి తిప్పి చూస్తే పందొమ్మిది తేలాయి.

ఆ మర్నాడు కాఫీ గ్లాసుతో ఆ పెట్టె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవడో వచ్చాడన్న గుర్తుగా చిన్న ఎర్రదీపం వెలిగేది, ఆరిపోయేది. ఫోను నోరెత్తేది కాదు. మధ్యాహ్నానికి పదకొండుసార్లు వెలిగింది. పదకొండుసార్లూ నేను నవ్వుకున్నాను. పన్నెండోది మోగింది. అక్క. ఒక్క మోతకే ఎత్తాను. స్నానం సంగతి అబద్ధమని కూడా అప్పుడే చెప్పేశాను. అక్క వెంటనే, "నాకు తెలుసులేవే. పది గంటలకి నువ్వెప్పుడు నీళ్లోసుకున్నావు? ఆ ఎదవల్ని ఆపేవు కదా, అది సాలు" అంది.

ఇదంతా గెలుపే. కాదనను. కానీ పోయిన నెల ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఆటో ఆగింది. ఎస్. రాయవరం నుంచి, నాతోపాటు చాన్నాళ్లు బోర్డు మీద పనిచేసిన స్నేహితురాలు, చేతికర్ర ఊతంతో దిగింది. కొడుకు కొత్త నంబరు తీసిచ్చాడట. దాంతో మూడు రోజులు వరసగా చేసినా మా ఫోను కలవలేదట.

"బతికున్నావో లేదో సూసెల్దారని వచ్చేను" అంది గుమ్మంలోనే. ఆమెను లోపల కూర్చోబెట్టి, చెప్పులు తొడుక్కుని రోడ్డు చివరికి వెళ్లి పకోడీలు తెచ్చాను. చీకటిపడేదాకా కబుర్లు చెప్పుకున్నాం. వెళ్లేముందు ఆమె నంబరు కాగితం మీద ఇరవయ్యోదిగా రాసుకున్నాను.

ఆమె వెళ్లాక ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మా రోజుల్లో తెలియని గొంతు వినిపిస్తే, ఎవరండీ, ఏం కావాలండీ అనే నోరు ముందు తెరుచుకునేది. రాంగ్ నంబరు వచ్చినవాళ్లతో కూడా మీ వైపు వానలు పడ్డాయా అని అడిగి పెట్టేసేవాళ్లం. పిలిచినవాళ్లకు పలకడం మా తరానికి ఎవరూ నేర్పిన మర్యాద కాదు, ఊపిరిలా వచ్చింది. ఇప్పుడు ఇరవైమంది తప్ప లోకమంతా నా గుమ్మం బయటే ఆగిపోతోంది. అందులో మంచివాళ్లూ ఉంటారని తెలిసే ఆపాను, రేపూ ఆపుతాను. కానీ ముక్కూ మొహం తెలియనివాళ్లకు పలికే ఆ అలవాటును ఈ ప్లాట్లవాళ్లూ లాటరీలవాళ్లూ నా చేత మాన్పించారే, అందుకు మాత్రం వాళ్లను నేను క్షమించను.