నారు అందించిన వీపు

మొన్న రాయచూరులో ఎముకల డాక్టరమ్మ నా ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, పాములా మెలిక తిరిగిన వెన్నెముకను కాసేపు చూసి, "ఇంత వంకరతో ఇన్నేండ్లు పొలంల ఎట్ల పని చేసినవమ్మా?" అని అడిగింది. మనుమరాలి వయసున్న పిల్ల. అయినా జవాబు చెప్పడానికి సిగ్గేసింది. నోటితో చెప్పలేనివన్నీ ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు.

మా ఊరికి కాలువ నీళ్లు వచ్చిన కొత్తల్లో నాకు పదమూడేళ్లు. ఒకనాడు తలంటుతూ మా అవ్వ, నా వీపున ఒకవైపు రెక్క ఎముక లేచి ఉందని కనిపెట్టింది. ఎప్పుడూ ఎడమ చంకనే బిందె మోసినందుకు వెన్ను అటు వంగిందనీ, కుడి చంకన మోస్తే తిరిగి సర్దుకుంటుందనీ ఆమె గట్టి నమ్మకం. ఏడాది పాటు నీళ్లన్నీ కుడివైపే మోయించింది, పాపం, ప్రేమతోనే. వంకర పోలేదు గానీ, కుడి తుంటికి కూడా నొప్పి పట్టుకుంది.

అంతకన్నా పెద్ద భయం నాట్లది. జొన్న చేలు వరి మడులైన ఆ రోజులు మా ఈడు వాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. ఇంటింటి ఆడవాళ్లూ నాట్లకు కదిలేవారు, వరుసలో వంగలేని పిల్లను ఏ ముఠాలోనూ చేర్చుకునేవారు కాదు. నాలుగు సాళ్లు నాటేసరికి నా వీపులో నిప్పు పోసినట్టయ్యేది. ఇంట్లో కూర్చోబెడితే జన్మంతా పనికిరాని దాన్నవుతానని నా దిగులు.

మా ముఠాకు పెద్ద మా మేనత్త. ఒక పొద్దున ఆమె నా తలమీద చుట్టబట్ట పెట్టి, నారు కట్టల గంప ఎత్తింది. నాటేవాళ్లకు కట్టలు అందించడం అప్పట్లో మగవాళ్ల పని. గంప సగమే నింపాలనీ, రెండు గంపలకొకసారి గట్టున వెల్లకిలా పడుకోవాలనీ అత్త నియమం. అది చూసి వరుసలో ఒకామె, మేం బురదల వంగుతుంటే ఈ దొరసాని గట్టుమీద పండుకుంటదా అని ఎకసెక్కమాడింది.

అత్త వంచిన నడుము ఎత్తకుండానే అంది: "నారు అందకుంటే నువ్వు వంగి ఏం నాటుతవే?"

వరుసంతా నవ్వింది, ఎకసెక్కమాడినామె కూడా. మధ్యాహ్నం గట్టుమీద నాకోసం గోనెపట్టా పరిచింది ఆమే.

అట్లా ఇరవై ఏళ్లు నారు అందించాను. ఒకేవైపు బరువు మోయొద్దు, ఎక్కువసేపు వంగొద్దు, మధ్యమధ్య నడుము వాల్చు, కదలడం మాత్రం మానొద్దని డాక్టరమ్మ చెప్పినవి రాసుకుంటుంటే, అక్షరం రాని అత్త మాటలే మళ్లీ రాస్తున్నట్టుంది.

ఇప్పుడు మా మడుల్లో యంత్రం నాటుతోంది. ఎవరి నడుమూ వంగనక్కర్లేదు, మంచిదే. కానీ ఒక పిల్ల వీపును చూసి పనినే మార్చుకున్న ఆ వరుస ఇక లేదు. ఈసారి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా డాక్టరమ్మకు చెప్పాలి: నేనొక్కదాన్నే చేయలేదమ్మా, మా అత్త నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు.