ముప్పై గ్లాసులు

ఆ రోజుల్లో నాకు పామంటే భయం లేదు, పై అధికారి అంటే భయం లేదు, లెక్క తప్పడమంటే మాత్రం చచ్చేంత భయం. పదో తరగతి దగ్గర చదువు ఆగిపోయినవాణ్ణి. ఆ పై లెక్కలన్నీ పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. గురువు లేకుండా నేర్చిన విద్యతో ఒక చిక్కుంది: ఎక్కడ తప్పు నేర్చుకున్నామో చెప్పేవాళ్ళుండరు. అందుకని ప్రతిదీ రెండుసార్లు లెక్కపెట్టుకునేవాణ్ణి. బస్సెక్కితే సీట్లు, గుడికెళ్తే మెట్లు, భోజనానికి కూర్చుంటే విస్తట్లో గారెలు (ఇవి మాత్రం ఒక్కసారే, రెండోసారి లెక్కకి మిగిలేవి కావు). ఇప్పుడు మా కేంద్రం వాళ్ళు చరిత్ర రాసి పుస్తకం వేస్తామని, మొదట్లో పెద్దవాళ్ళు ఎంతమంది ఉండేవారో చెప్పమని నన్నడిగారు. నాకు అంకెలన్నీ గుర్తుంటాయని వాళ్ళ నమ్మకం. గుర్తుంది. ఆ ఒక్క అంకెని మాత్రం ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టి చూసుకుంటాను.

మా కేంద్రం ఫిలింనగర్‌లో ఒక నిర్మాతగారి ఇంటి కింద ఉండేది. అదొక ప్రివ్యూ థియేటర్, అంటే విడుదలకి ముందు సినిమాని తెలిసినవాళ్ళకి వేసి చూపించే చిన్న హాలు. పద్నాలుగు మెట్లు దిగాలి. అరవై కుర్చీలు. ఆయన పోయాక తెర తీసేసి తాళం వేశారు. ఆ తాళంచెవి అడగడానికి వెళ్ళిన మనిషి మా టీచరమ్మ. గుంటూరు వైపు నుంచి వచ్చి, మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. బస్తీలో డ్రైవర్ల పిల్లలు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లలు పగలంతా రోడ్డు మీద ఉంటున్నారు. జూబ్లీ హిల్స్ పెద్ద ఇళ్ళలో ముసలివాళ్ళు పగలంతా కిటికీ దగ్గర ఉంటున్నారు. ఈ ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడితే వాళ్ళకి చదువూ వీళ్ళకి కాలక్షేపమూ అవుతాయని ఆవిడ ఆలోచన. నిర్మాతగారి భార్య (అందరం మేడమ్ అనేవాళ్ళం) సరే అన్నారు గానీ ఒక షరతు పెట్టారు. వాళ్ళాయన జన్మలో ఖాళీ కుర్చీ చూసి ఓర్చుకున్న మనిషి కాదట. అందుకని ఆరు నెలల్లోగా ముప్పై మంది పిల్లలూ ముప్పై మంది పెద్దలూ రావాలి, అరవై కుర్చీలూ నిండాలి. నిండకపోతే హాలుని షూటింగు లైట్లు దాచుకునేవాళ్ళకి ఇచ్చేస్తారు.

శ్రీనగర్ కాలనీలో కారు నడిపే మా మామయ్య, "మావాడు లెక్కలు బాగా చేస్తాడమ్మా" అని చెప్పి నన్నక్కడ చేర్పించాడు. టీ కాచడం, గ్లాసులు కడగడం, వచ్చినవాళ్ళని లెక్కపెట్టడం నా పనులు. పిల్లలతో ఇబ్బంది లేదు. సాయంత్రం పలకలు పెట్టెలో పెడతారు; పెట్టెలో ముప్పై ఉంటే పిల్లలు ముప్పై. పెద్దవాళ్ళే కుదురుగా ఉండరు. ఒకాయన బాత్రూములో, ఒకావిడ పైన డ్రైవర్ని తిడుతూ, ఇంకొకాయన స్తంభం వెనక నిద్రలో. తలలు లెక్కపెట్టి లెక్కపెట్టి విసిగి, నేనొక పద్ధతి కనిపెట్టాను. పదకొండింటికి ఒక్కసారే టీ ఇస్తాం. కాబట్టి తొట్టిలో పడిన గ్లాసులెన్నో పెద్దవాళ్ళంతమంది. ఇంత తేలికైన ఉపాయం ఇంతవరకూ ఎవరికీ ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను కూడా. ఐదో నెలలో మూడు రోజులు వరసగా ముప్పై గ్లాసులు వచ్చాయి. టీచరమ్మ సంతోషం పట్టలేక మేడమ్‌కి ఉత్తరం రాసింది. శుక్రవారం పదకొండింటికి స్వయంగా వచ్చి చూస్తానని మేడమ్ కబురు పంపారు.

బుధవారంనాడు, పేర్ల పట్టీ కూడా చూపిస్తే బాగుంటుందని కాగితం పట్టుకుని తిరిగాను. ఇరవై రెండు పేర్లొచ్చాయి. మళ్ళీ తిరిగాను. ఇరవై రెండే. అప్పుడు నా కళ్ళముందే, తహసీల్దారుగా చేసి రిటైరైన తాతగారు టీ తాగడం పూర్తిచేసి, మీసం తుడుచుకుని, గ్లాసు తొట్టిలో వేసి, అసలు ఇంకా ఏమీ తాగనివాడి ముఖంతో వచ్చి పళ్ళెంలోంచి కొత్త గ్లాసు తీసుకున్నారు. ఆయన వెనక ఒక మామ్మగారు. ఆవిడ వెనక ఇంకొకరు. మొత్తం ఎనిమిది మంది. ఇళ్ళలో షుగరని అరకప్పుతో సరిపెడుతున్నారు పాపం, ఇక్కడ తీర్చుకుంటున్నారు. వాడిన గ్లాసు చేతిలో ఉంటే రెండోసారని తెలిసిపోతుంది కదా, అందుకని కొత్త గ్లాసు.

ఇరవై రెండుకి ఎనిమిది కలిపితే ముప్పై. కూడిక సరిగ్గానే ఉంది, మనుషులే లేరు. టీచరమ్మకి చెబుదామని వెళితే, ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి, "నీ చేతి చలవ నాయనా, ముప్పై నిండారు" అంది. గ్లాసులు కడగాలని చెప్పి వచ్చేశాను. ఆ రాత్రి కళ్ళు మూసుకుంటే అరవై కుర్చీల బదులు అరవై లైట్లు వరసగా నిలబడి నన్నే చూస్తున్నాయి.

మా వైపు జనం తక్కువైతే ఎవరైనా చేసే పని ఒకటే. సినిమాలో పెళ్ళికి జనం కావాలన్నా, కోర్టుకి జనం కావాలన్నా కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల్ని పంపే ఏజెంటన్న దగ్గరికి పోవడమే. గురువారం పొద్దున్నే పోయాను. ఆయన హోటల్ ముందు నిలబడి ఇడ్లీ తింటున్నాడు.

"ఎనిమిది మంది ముసలోళ్ళే గదా. గంతదానికి గిట్ల వణుకుతవేంది? రేపు పది గొట్టేసరికి దింపుత. సీనేంది?"

సీనేమీ లేదు, ఊరికే కూర్చోవాలి అన్నాను. ఊరికే కూర్చునే సీను తన సర్వీసులో చూడలేదన్నాడు. భయంలో ఏం చెప్పాలో తెలియక, "పెద్దవాళ్ళుండే చోటన్నా, ఆశ్రమం లాంటిది" అనేశాను.

"గట్ల జెప్పు. ఇగ నువ్వు ఫికర్ జెయ్యకు."

శుక్రవారం పదికి రావాల్సిన వ్యాను పదకొండుకి ఐదు నిమిషాల ముందు వచ్చి ఆగింది. ఎనిమిది మంది దిగారు. అందరివీ వెలిసిన తెల్లబట్టలు. మగవాళ్ళకి ఒకే రకం శాలువాలు. మెట్లు చకచకా దిగి, హాలంతా ఒకసారి చూసుకుని, ఎవరూ చెప్పకుండానే వెనక వరసలో సర్దుకున్నారు. మరుక్షణం ఎనిమిది నడుములూ వంగిపోయాయి. దగ్గులు మొదలయ్యాయి, ఒకరి తరవాత ఒకరు (లెక్కపెట్టాను, పన్నెండు సెకన్లకొకటి). ఒకావిడ తలుపు వైపు చూస్తూ, రాని కొడుకు కోసం కన్నీళ్ళు కారుస్తోంది. ముందు వరసల్లో మా అసలు ముసలివాళ్ళు క్యారమ్స్ ఆడుతూ, ఒకే పేపరు కోసం కీచులాడుకుంటూ, పదమూడో ఎక్కం తప్పు చెప్పిన పిల్లని చూసి పగలబడి నవ్వుతున్నారు. ఆ పిల్లే పలక చంకనేసుకుని వెనక వరస దగ్గరికి పోయి, ఒక శాలువా తాతని ఎందుకలా దగ్గుతున్నావని అడిగింది. ఆయన పెదవులు కదపకుండా, "పక్కకి జరగమ్మా, ఫ్రేములో ఉన్నావ్" అన్నాడు.

వెళ్ళి వాళ్ళని బతిమాలుకుందామనుకునేలోపు పైన కారు తలుపు చప్పుడైంది. మేడమ్ చేతికర్ర మెట్ల మీద ఒకటి, రెండు, మూడు... పద్నాలుగోది నా గుండె మీదే పడినట్టైంది. ఆవిడ ముందు వరసల్ని చూసి నవ్వారు. వెనక వరసని చూసి నవ్వు ఆపేశారు.

"వీళ్ళకేమైంది టీచరమ్మా? అన్నం పెడుతున్నారా అసలు?"

అందాకా పిల్లల పాఠంలో మునిగి ఉన్న టీచరమ్మ కూడా వాళ్ళని చూడడం అదే మొదలు. ఆవిడ చూపు వాళ్ళ మీంచి తిరిగి తిరిగి నా మీద ఆగింది. మేడమ్ మెల్లగా నడిచి ఆ శాలువా తాత ఎదుట నిలబడ్డారు. వాళ్ళాయన తీసిన ప్రతి సినిమాలోనూ కోర్టు సీనులో గుమ్మం పక్కన నిలబడే బంట్రోతు ఈ తాతే (ఆ సంగతి నాకు తరవాత తెలిసింది). ఆయన మేడమ్ ముఖంలోకి చూడకుండా, ఆవిడ చెవి పక్క నుంచి దూరంగా ఎటో చూస్తూ ఇంకొంచెం గట్టిగా దగ్గాడు. కెమెరాలోకి చూడకూడదన్నది వాళ్ళు నేర్చే మొదటి పాఠం.

మేడమ్ గొంతు పెంచలేదు. "కట్" అన్నారు.

ఎనిమిది దగ్గులూ ఒక్కసారి ఆగాయి. ఎనిమిది నడుములూ నిటారుగా లేచాయి. తలుపు వైపు చూస్తున్నావిడ కళ్ళు తుడుచుకుని, "టీ బ్రేకా అమ్మా?" అని అడిగింది.

ఎవరు పిలిపించారని మేడమ్ అడిగారు. నేనేనన్నాను. గ్లాసుల సంగతి మొదట్నించి చివరిదాకా చెప్పేశాను. తహసీల్దారు తాతగారు, ఎవరూ అడక్కుండానే, "నేను ఒక్కటే తాగానండీ" అన్నారు.

"మా ఆయన సినిమాలకి హౌస్‌ఫుల్ బోర్డులు చూస్తూ బతికినదాన్ని అబ్బాయ్. అందులో ఎన్ని కుర్చీలు మేమే నింపుకున్నామో నాకు తెలుసు. నాకే బోర్డు పెడతావా?" అన్నారు మేడమ్. "రేపు ఇదే వేళకి వస్తాను. గ్లాసులు కాదు, మనుషుల్ని లెక్కపెట్టి చెప్పు."

టీచరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నాతో చెప్పుంటే ఇరవై రెండేనని ఇంకో ఉత్తరం రాసేదాన్ని కదా నాయనా" అని మాత్రం అంది.

మర్నాడు మెట్ల పైన నిలబడ్డాను. ఇరవై రెండు మందీ ఎప్పటికన్నా ముందే వచ్చారు. తప్పు వాళ్ళకీ తెలుసు. తరవాత రోడ్డు ఖాళీ. పది నలభైకి బంట్రోతు తాత గళ్ళ చొక్కాలో, నిటారుగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఇవాళ కూడా కూర్చోవచ్చా బాబూ? పాతికేళ్ళుగా సెట్లో నిలబడే ఉన్నాను. కుర్చీ వేసి కూర్చోమన్నది ఇక్కడే."

ఆయన వెనక ఇంకో ఐదుగురు. మేడమ్ వచ్చి ఎంతమందని అడిగారు. ఇరవై ఎనిమిదండి అన్నాను.

"ఇద్దరు తక్కువ."

"ఆ ఇద్దరికీ ఇవాళ పెళ్ళి సీనుందండి. ప్యాకప్ కాగానే వస్తామని చెప్పి పంపారు."

ఆవిడ వాచీ చూసుకున్నారు. "పెళ్ళి సీనంటే ఐదు దాటుతుంది" అని, చివరి కుర్చీలో కూర్చున్నారు.

పదకొండు నించి ఐదు దాకా ఆరు గంటలు, మూడు వందల అరవై నిమిషాలు. నేను ఒక్కొక్కటీ దాటాను. ఒక్క ముసలాయనా ఇంటికి పోలేదు. పైన డ్రైవర్లు హారన్లు కొడుతున్నా లేవలేదు. ఎవరూ రెండో టీ అడగలేదు. ఐదు ఇరవైకి మెట్ల మీద గాజుల చప్పుడైంది. మేకప్ తీయకుండా, పట్టుచీరల్లో, తలనిండా పూలతో పెళ్ళి పేరంటాళ్ళలా ఇద్దరు దిగారు. ముప్పై. రెండోసారి లెక్కపెట్టాను. ముప్పై. మేడమ్ లేచి, సంచిలోంచి ఇన్నాళ్ళూ తన దగ్గరే ఉంచుకున్న రెండో తాళంచెవి తీసి టీచరమ్మ చేతిలో పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఆలస్యంగా వచ్చిన ఇద్దరికీ టీ ఇచ్చాక గ్లాసులు కడుగుతుంటే ముప్పై ఒకటి వచ్చాయి. మళ్ళీ ప్రాణం పోయినంత పనైంది. ఎవరు తాగారు రెండోది? చివరికి గుర్తొచ్చింది, ఒక గ్లాసు మేడమ్ కుర్చీ కింద నుంచి తీశానని. ఆవిడకీ అరవై దాటిందని నేనెన్నడూ లెక్క వేయలేదు. సోమవారం ఆవిడ మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. దాంతో హాల్లో ఒక కుర్చీ తక్కువై, పక్క టైలరు దగ్గర స్టూలు అడిగి తెచ్చాను.

పుస్తకానికి ముప్పై ఒకటని రాసిచ్చాను, కింద ఒక స్టూలు అని కూడా. వాళ్ళు స్టూలన్న మాటని కొట్టేస్తారనుకోండి. టీచరమ్మా లేదు, మేడమూ లేరు. కేంద్రం ఇప్పుడు పై అంతస్తుకి కూడా పాకింది. ఒక అమ్మాయి ఫోనుతో ఫోటో తీసి తలలు లెక్కపెడుతుంది. నాకు యాభై రెండు. ఇంకో ఎనిమిదేళ్ళకి (చూడండి, మళ్ళీ ఎనిమిది) పెద్దల పట్టీలో నా పేరెక్కుతుంది. ఇంట్లో షుగరని నాకూ అరకప్పే ఇస్తున్నారు. అందుకని పదకొండింటికి అక్కడికి పోయి రెండో టీ తాగుతుంటాను. మొదటి గ్లాసు మాత్రం వదలను. అందులోనే పోయించుకుంటాను.