పట్టాల్లేని రైలుకు పచ్చ తువ్వాలు

మంగళవారం పొద్దున మా పక్కింటి అన్నయ్యగారు పోయారు. ముప్పై ఏళ్లకు పైగా డీజిల్ రైలు నడిపిన మనిషి. కాఫీ తాగి, గ్లాసు బోర్లించి, కుర్చీలోనే వెళ్లిపోయారు. సమయానికి బయల్దేరడం ఉద్యోగం నేర్పిన అలవాటు.

బందరులో మా రెండిళ్ల మధ్య ఉన్న పిట్టగోడ దగ్గర ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. దివిసీమకు ఎలాంటి రైలు రావాలన్నదే తగువు. అక్కడ ఒక్క పట్టా కూడా లేకపోవడం మాకేమీ అడ్డు కాలేదు. రైల్వేవారికి అర్జీ పెట్టాలని ఆయన పట్టుదల. రాత నాది, సంతకాలు ఇద్దరివీ. తుఫాన్లకు స్తంభాలు ఒరగడం చూసినవాళ్లం కనుక, పైన కరెంటు తీగల్లేని రైలే అడగాలని ఒప్పుకున్నాం. ఆ తర్వాతి వాక్యం దగ్గర అర్జీ ఆగిపోయింది.

కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని, నాది హైడ్రోజన్ రైలు పక్షం.

"పొగ ఉండదు అన్నయ్యగారూ, బయటికొచ్చేది నీటి ఆవిరే."

"ఆ హైడ్రోజన్ తియ్యడానికి కరెంటు, మళ్లీ దాన్నుంచి కరెంటు! ఆ తిప్పలెందుకు చెల్లెమ్మా? బందరు స్టేషన్లో తీగలున్నాయిగా, అక్కడే బ్యాటరీ నింపుకుంటే పోలా?"

"మధ్యలో ఆగితే మీరు తోస్తారా?"

"బండిని ఆపేది బ్యాటరీ కాదమ్మా, ఆత్రం."

రుజువు చేయమన్నాను. మా వీధి చివర పాత బ్యాటరీ ఆటో ఉంది. మధ్యలో ఛార్జింగ్ పెట్టకుండా మోపిదేవి వెళ్లిరావాలి. వస్తే అర్జీలో బ్యాటరీ అని రాస్తాను. "మా బండి రాదండీ" అని ఆటో అతనే చేతులెత్తేశాడు. నేను న్యాయంగానే ఉన్నాను, మా తోడికోడళ్లిద్దర్నీ మాత్రం ఎక్కించాను. మా ముగ్గురి బరువు ఇక్కడ రాయను.

అన్నయ్యగారు అతని పక్కన ఇరుక్కున్నారు. మలుపు ఇంకా ఎక్కడో ఉండగానే "వదిలెయ్" అనేవారు. అతను యాక్సిలరేటర్ వదిలితే బండి తనంతట తాను సాగి, బ్రేకు అడగకుండా, ఛార్జింగ్ ఖర్చు కాకుండా తిరిగేది. ఊరు దాటినప్పుడల్లా పచ్చ తువ్వాలు చాచి ఊపేవారు. స్టేషన్ దాటేటప్పుడు అంతా సవ్యమేనని డ్రైవరూ స్టేషన్‌వాళ్లూ పచ్చజెండాలు చూపుకుంటారట. టీ కొట్లవాళ్లు కూడా చేతులూపారు.

తిరుగుదారిలో సముద్రపు గాలి ఎదురొచ్చింది. ఛార్జింగ్ మీటరులో ఒక్క గీత మిగిలింది. పెద్ద తోడికోడలు సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది, ఎవరి తరఫునో చెప్పలేదు. నేనూ మొక్కుకున్నాను, నా పక్షాన మాత్రం కాదు.

మా గేటు ముందు ఆగినప్పుడు ఆ గీత ఇంకా వెలుగుతూనే ఉంది. "రైట్ టైమ్!" అన్న ఆయన కేకకు వీధంతా బయటికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, తువ్వాలు తలకు చుట్టుకుని గంతులేశారు. ఆ సాయంత్రమే పిట్టగోడ మీద కాగితం పెట్టి బ్యాటరీ అని రాశాను. ఓడిపోయి అంత సంతోషపడటం నా జీవితంలో అదొక్కసారే. అర్జీ వెళ్లింది, జవాబు రాలేదు. "సిగ్నల్ పడలేదంతే, బండి సిద్ధంగానే ఉంది" అనేవారు.

మంగళవారం మధ్యాహ్నం ఆయన్ను తీసుకెళ్లిన వ్యాను వెనకే ఆ ఆటో చప్పుడు లేకుండా బయల్దేరింది. అవి మా గేటు దాటుతుంటే, పిట్టగోడ మీద ఆరేసిన పచ్చ తువ్వాలు తీసి, చేయి చాచి ఊపాను. ఆటో అతను తల వంచాడు. మలుపు ఇంకా ఎక్కడో ఉండగానే యాక్సిలరేటర్ వదిలేశాడు.