రెండు కార్లలో అమ్మమ్మ గొంతు

మా చిన్నప్పుడు... మా మావయ్య ఫోనే ఒక రేడియో స్టేషను. ఫోన్లో ఒక నంబరు పెట్టి, కారు రేడియోని కూడా అదే నంబరుకు తిప్పితే, ఫోన్లో పాట కారు స్పీకర్లలో వచ్చేది. వైరు లేదు, ఏమీ లేదు. రాయచూరు జిల్లాలో సిరవార దగ్గర మా క్యాంపులో అలాంటి ఫోను ఇంకెవరికీ లేదు. అందుకని మావయ్య పనున్నా లేకపోయినా కారు తీసేవాడు...

క్యాంపంటే డేరాలు కాదండోయ్. కాలవ కింద వరి పండించడానికి గోదావరి వైపు నుంచి వచ్చిన మా తాతలు కట్టుకున్న ఊళ్ళను ఇక్కడ అలాగే అంటారు. ఇళ్ళు డాబాలయ్యాయి గానీ పేరు మాత్రం క్యాంపే.

ఆ ఏడు మా పిన్నికి రాయచూరు సంబంధం వచ్చింది. అబ్బాయి స్కూల్లో మాస్టారు. వాళ్ళూ తెలుగువాళ్ళే, తరతరాలుగా రాయచూరులో ఉన్నవాళ్ళు. పెళ్ళిచూపుల రోజు అబ్బాయి తల్లి మా పిన్ని గడ్డం పట్టుకుని, "పిల్ల మంచిగున్నది. మాకు గిట్లాంటి పిల్లనే కావాలె" అన్నారు. పిన్నికి అబ్బాయి నచ్చాడు. ఎంత నచ్చాడంటే, ఆ సాయంత్రం పాలు రెండుసార్లు పొంగబెట్టింది.

వాళ్ళు అలా వెళ్ళారో లేదో, అమ్మమ్మ కొంగు నెత్తిన కప్పుకుని మొదలుపెట్టింది... "గిట్ల కూసో, గట్ల కూసో..." ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం. చివర్లో, "ఓ ముక్క అర్థమైతే ఒట్టు. మన పిల్లెళ్ళి వాళ్ళకి తెలుగు నేర్పుకోవాల" అంది. నేను అదంతా మావయ్య ఫోన్లో రికార్డు చేశాను. నాకప్పుడు పదేళ్ళు. రికార్డింగు కంటబడితే మావయ్య చెరిపేస్తాడు. అందుకని తెలివిగా దాన్ని తీసుకెళ్ళి పాటల్లో దాచాను. ఆ తెలివే కొంప ముంచింది.

వారం తర్వాత వాళ్ళు మళ్ళీ వచ్చారు, తాంబూలాల సంగతి మాట్లాడదామని. భోజనాలయ్యాక అబ్బాయి తల్లి మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, "వదినా, మీ ఇంట్ల పప్పు ఎంత మంచిగున్నదో. నడువుండ్రి, మా ఇల్లు గిట్ల సూసి, చాయ్ తాగి వద్దురు" అన్నారు. పిన్నిని ఇంట్లో ఉంచి, మావయ్య, అమ్మమ్మ, అమ్మ, నేను బయల్దేరాం.

మావయ్య ఊరుకుంటాడా... వాళ్ళ కారు రేడియోలో కూడా తన నంబరే పెట్టించాడు. ఎనభై ఎనిమిది పాయింట్ ఒకటి. "మా పాటే మీకూ వస్తాది, చూడండి" అన్నాడు. దారంతా వాళ్ళకు వచ్చింది గరగరే. రెండు కార్లూ పక్కపక్కనే ఉంటే తప్ప ఆ పాట అందదు.

రాయచూరు ఇంకా రాకుండానే రైల్వే గేటు పడింది. గేటు పడితే రోడ్డంతా నిండిపోవాల్సిందే కదా మనకి... వాళ్ళ కారు పక్కనే మా కారు, అద్దానికి అద్దం. ఇప్పుడు పాట రెండింట్లోనూ శుభ్రంగా వస్తోంది. పెళ్ళికొడుకు తల ఊపుతున్నాడు. మావయ్య ఫోను నా చేతికిచ్చి, వేరుశెనక్కాయలు కొందామని దిగాడు. గర్వంతో మావయ్య కాళ్ళు నేల మీద లేవు.

పాట అయిపోయింది. తర్వాతది మొదలైంది... "గిట్ల కూసో, గట్ల కూసో..."

రెండు కార్లలోంచీ అమ్మమ్మ గొంతు. ఫోను లాక్ తీయాలంటే రెండు మీటలు వరసగా నొక్కాలి. కంగారులో ఒకటి నొక్కబోతే ఇంకోటి పడింది. మేమందరం నవ్వడం కూడా వచ్చింది. 'వాళ్ళకి తెలుగు నేర్పుకోవాల' దాకా వచ్చింది. అప్పుడు వచ్చింది రైలు. ఆ రైలు కాస్త ముందు రావచ్చు కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

అమ్మమ్మ తల వంచుకుని కూర్చుంది. పక్క కారులో అబ్బాయి తల్లి మా వైపు చూడనేలేదు.

వాళ్ళింటికి చేరాం. ఆవిడ గుమ్మంలో నిలబడి, "రండి వదినగారూ, లోపలికి దయచేయండి" అన్నారు. నాతో, "మీరు ఏ తరగతి చదువుతున్నారమ్మా?" అన్నారు. నన్ను 'మీరు' అన్న మొదటి మనిషి ఆవిడే. అచ్చం పాఠ్యపుస్తకంలో వాక్యాలు. ఒక్కో మాటా వెతుక్కుని, సరిచూసుకుని మాట్లాడుతున్నారు. వెతికినా ఒక్క 'గిట్ల' లేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు ఎవరూ రేడియో పెట్టలేదు. పిన్ని వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏమన్నారమ్మా?" అని అడిగింది. అమ్మమ్మ చెప్పులు విడుస్తూ, "చాలా మర్యాదగా మాట్లాడేరే" అని లోపలికెళ్ళి పడుకుంది.

మూడు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. నాలుగో రోజు వాళ్ళ దగ్గర్నుంచి సరేనని కబురొచ్చింది. పెళ్ళయింది. పిన్ని బాగుంది. ఇప్పుడు తనే 'ఇంట్ల', 'బజార్ల' అంటుంది. కానీ వాళ్ళత్తగారు... పిన్నితో తన భాష, మాతో పుస్తకం భాష. పండక్కి వచ్చినా, బారసాలకి వచ్చినా అంతే. అమ్మమ్మ పోయినప్పుడు కూడా, "చాలా విచారించామమ్మా" అన్నారు. అమ్మమ్మ ఆ సంగతి ఎత్తకుండానే పోయింది. నేనూ ఎత్తలేదు. సిగ్గు.

మొన్న పిన్ని అత్తగారిని కంటి డాక్టరు దగ్గర్నుంచి నేనే కార్లో తీసుకొచ్చాను. ఆ గేటు ఉన్నచోట ఇప్పుడు వంతెన... ఎవరూ ఎవరి పక్కనా ఆగక్కర్లేదు. ఎక్కి కూర్చుంటే ఫోను దానంతటదే కారుతో కలిసిపోతుంది. ఏం పెట్టుకున్నా పక్క కారుకు వినబడదు. వంతెన దిగుతుంటే చక్రం గుంతలో పడింది. ఆవిడ నా భుజం పట్టుకుని, "జర మెల్లగ పోనీ బిడ్డా" అన్నారు.

పదిహేనేళ్ళ తర్వాత... కళ్ళలో చుక్కల మందు, చూపు మసక. నన్ను పిన్ని అనుకున్నారో, పాత సంగతి నిజంగానే మరిచిపోయారో... నేను అడగలేదు, బదులు కూడా పలకలేదు. నా గొంతు వింటే మళ్ళీ 'మీరు' అంటారని భయం. ఇల్లు చేరేదాకా మెల్లగానే నడిపాను.

మీ ఇళ్ళల్లో కూడా, ఒక్క మీ ముందు మాత్రమే మాట మార్చుకుని మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా... ఉంటే, ఎందుకో మీకు తెలుసా?